గట్టిమేళం అడుగున

సావేరికి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తన కూతురు సన్నాయి బాగా ఊదుతుందేమోనని.

పిల్లకి లెక్కలు రావేమోనని, అన్నం సరిగ్గా తినదేమోనని, బడి నుంచి వచ్చే దారిలో గ్రానైటు లారీలు తిరుగుతాయని భయపడే తల్లులు ఆ వీధిలోనే బోలెడుమంది. ఆ భయాలన్నీ సావేరికీ ఉన్నాయి, ఒక్కటీ తక్కువ కాదు. కానీ అవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. వాళ్ళ వంశంలో మామూలుగా ఊదినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. గొప్పగా ఊదినవాళ్ళు కాలేదు.

చిన్నాన్న ముప్పై నిండకుండానే పోయాడు. ఆయన్ని ఆమె పటంలో తప్ప చూడలేదు. అన్న కేదారిని మాత్రం కడదాకా చూసింది.

కేదారి సంగతి చెప్పాలంటే ముందు వాళ్ళ నాన్న ఆదెయ్య సంగతి చెప్పాలి. చీరాల చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి ఆదెయ్య మేళమే. కొడుకు గడ్డం మొలవని వయసులో, ఒక పెళ్ళిలో, ఆదెయ్య సగం పాటలో సన్నాయి నోటి నుంచి తీసేసి, తన చోటు నుంచి లేచి, కేదారిని అక్కడ కూర్చోబెట్టి తాను పక్కకు జరిగాడు. ఇంక ఆ చోటుకి మళ్ళీ వెళ్ళలేదు. మేళంలో పెద్దవాడు తన చోటు వదలడమంటే మాటలు కాదు. డోలు ఆయన అడిగితే ఆదెయ్య ఒక్కటే అన్నాడు: "నేను ఊదితే అన్నాలు తింటన్నారు. వాడు ఊదితే తినడం ఆపి వింటన్నారు. నేనెందుకింక అడ్డం?"

కేదారి ఊదుతుంటే పై షడ్జం అందుకోబోయే ముందు ఒక చోట ఠక్కున ఆగేవాడు. అందరి గుండె అక్కడ ఆగేది. మళ్ళీ కిందనుంచి మెల్లిగా ఎత్తుకుని ఆ స్వరం మీద వాలేవాడు. దానికి మేళగాళ్ళు కేదారి విరుపు అని పేరు పెట్టారు. ఒంగోలు నుంచి తెనాలి దాకా కుర్రాళ్ళందరూ దాన్ని పట్టుకోవాలని చూసినవాళ్ళే. ఎవరికీ పట్టుబడలేదు.

ఇరవై రెండేళ్ళకి, పర్చూరులో ఒక ఊరేగింపులో, పెళ్ళి కారు ముందు ఊదుతూ ఊదుతూ సన్నాయి దించి, దాని పీక సరిచేసుకోవడానికన్నట్టు రోడ్డు వారన కూర్చున్నాడు. అందరూ అదే అనుకున్నారు. డోలు మోగుతూనే ఉంది. సెలవులని వెంట వెళ్ళిన సావేరి శ్రుతి పెట్టె పట్టుకుని నొక్కుతూనే ఉంది. అన్న ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడందుకుంటాడు అని. అతను లేవలేదు.

దిష్టి అన్నారు. అంత బాగా ఊదితే ఏ కళ్ళు ఊరుకుంటాయన్నారు. తల్లి మంచం పట్టింది, సావేరి తొమ్మిదో తరగతి పుస్తకాలు మూటగట్టి పొయ్యి దగ్గరకి వచ్చింది. తర్వాత తల్లీ పోయింది. సావేరికి పెళ్ళయింది, మొగుడు శేషు స్కూలు వ్యాను నడుపుతాడు, పుట్టింటికి రెండు వీధులవతలే కాపురం. కూతురికి వసంత అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళొచ్చినా సన్నాయి చూపించలేదు సావేరి. చూపించలేదనుకుంది.

ఒక సాయంత్రం గోంగూర పప్పు గిన్నె పట్టుకుని నాన్న ఇంటికెళ్ళింది. పెరట్లోంచి సన్నాయి వినపడుతోంది. నాన్న ఊదడం కాదు, నాన్న ఊపిరి ఆమెకి తెలుసు. ఇది చిన్న ఊపిరి. కాంభోజి. మెల్లిగా ఎక్కుతోంది, ఎక్కుతోంది, పై షడ్జం అందబోయి...

ఆగింది. మళ్ళీ కిందనుంచి ఎత్తుకుంది.

సావేరి చేతిలో గిన్నె జారి గడప మీద పడింది.

పెరట్లో పీట మీద వసంత, ఎదురుగా తాత. పిల్ల మొహం ఎర్రగా కందిపోయింది, రొమ్ము ఎగిసెగిసి పడుతోంది, కళ్ళలో మాత్రం తిరునాళ్ళ వెలుగు.

"అమ్మా! నేను మామయ్యలాగా ఊదానంటన్నాడే తాత!"

ఆదెయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. "నేను నేర్పలా సావేరీ. నీ మీదొట్టు. స్వరాలు నేర్పాను గానీ విరుపు నేర్పలా. దానంతటదే వచ్చింది దానికి. రక్తంలో ఉందే!"

సావేరి పిల్ల చేతిలోంచి సన్నాయి లాక్కుంది. "ఇంకోసారి దీన్ని ముట్టుకుంటే చేతులిరగ్గొడతా."

"ఎవరివి? నావా, పిల్లవా?" అన్నాడు ఆదెయ్య.

"ఇద్దరివీ!"

ఆ సన్నాయి గుడ్డ చుట్టి అటకెక్కింది. అటక మీదున్నంత మాత్రాన రక్తంలోది పోతుందా? ఆ తర్వాత సావేరికి అన్నం సయించలేదు. వసంత పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. "నిద్రపోనీయవే దాన్ని" అనేవాడు శేషు. "నిద్రేగా పోయింది?" అని ఇంకోసారి చూసేది.

అలాంటి రోజుల్లో ప్రసూన వచ్చింది.

ఆమె విజయవాడలో ఏదో పరిశోధనా కేంద్రంలో పనిచేస్తుంది. పాత మేళగాళ్ళ వాయిద్యాలు రికార్డు చేసుకుంటూ ఊళ్ళు తిరుగుతుంటే పోయినచోటల్లా కేదారి విరుపు, కేదారి విరుపు అన్నారట. ఆ కేదారి ఎవరో చూద్దామని వచ్చింది. చూడ్డానికి పటం ఒక్కటే ఉంది. దానికే దండం పెట్టి, చాప మీద కూర్చుంది.

"మేం ఒక మిషను చేశామండీ ఆదెయ్య గారూ. 'మిగతా' అని పేరు పెట్టాం. చిన్నతనంలోనే పోయిన గొప్పవాళ్ళ కోసం. చెప్తే నమ్మరు, వినండి."

ఫోను చాప మధ్యలో పెట్టింది. శ్రీకాకుళం వైపు జముకు వాయించే కుర్రాడట, పందొమ్మిదేళ్ళకే పడవ మునిగి పోయాడట. ముందు ఆ కుర్రాడు వాయించింది వినిపించింది. ఉరుకులు, పరుగులు. తర్వాత అతనికి యాభై ఏళ్ళొచ్చి ఉంటే ఎలా వాయించేవాడో వినిపించింది. అదే చెయ్యి. కానీ ఉరకడం లేదు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఇల్లు కట్టుకోవచ్చు, అంత నెమ్మది.

ఆదెయ్య ఫోను మీదికి ఇంకా వంగాడు. "వయసొచ్చింది," అన్నాడు. "చేతికి వయసొచ్చింది."

"దెయ్యమా మేడమ్?" అంది సావేరి.

"కాదమ్మా. నువ్వు ముగ్గేసేటప్పుడు సగంలో పిలిచారనుకో, మిగతా సగం మీ పక్కింటావిడ వేయగలదు గదా, నీ చెయ్యి ఎటు పోతుందో చూసి? ఇదీ అంతే. మొదటి రోజుకీ ఆఖరి రోజుకీ మనిషి వాయించడం ఎటు మారుతోందో పట్టుకుని, ఆ దారినే ముందుకి పోతుంది. ఎంత ఎక్కువ వినిపిస్తే అంత బాగా పట్టుకుంటుంది."

గుమ్మంలో నిలబడ్డ శేషు గొంతు సవరించుకున్నాడు. "మా నాన్నదొకటి చేస్తారా మేడమ్? తొంభై ఏళ్ళొచ్చినా నన్ను తిడతానే ఉండేవాడేమో కనుక్కుందాం."

అందరూ నవ్వారు, సావేరి తప్ప. ఆమెకి ఒకటే ఆలోచన. గొప్పగా ఊదే వాళ్ళల్లో ఒక్కడైనా ముసలివాడవ్వాలి. మిషనులో అయినా సరే. ఒక్కడు ఆ గట్టు దాటితే, వసంతకీ దారి ఉన్నట్టే.

"మా అన్నది చెయ్యండి మేడమ్," అంది.

చేద్దామంటే కేదారి పాట ఏది? టేపులు లేవు. ఉన్నదల్లా పెళ్ళి వీడియోలు. మేళగాడి కళంతా ఎక్కడుంటుందీ అంటే ఎవరివో తెలియని పెళ్ళి డిస్కుల్లో, ఎవరివో తెలియని బీరువాల్లో.

తండ్రీ కూతుళ్ళు శేషు వ్యానులో ఊరూరా తిరిగారు. బీరువాలు తెరిపించారు. కొన్నిచోట్ల కాఫీలిచ్చారు, కొన్నిచోట్ల పెళ్ళి మొత్తం చూస్తేగానీ డిస్కు ఇవ్వమన్నారు. కారంచేడులో ఒకావిడ, "ఆ పెళ్ళి డిస్కా? దాన్ని గుంజకి కట్టి కోతుల్ని బెదరగొడతన్నా. అదొక్కటే పనికొచ్చింది ఆ పెళ్ళి వల్ల," అని విప్పి చేతిలో పెట్టింది.

తీరా చూస్తే ఇంకో చిక్కు. వీడియోవాళ్ళు పెళ్ళంతా సినిమా పాటలు అతికించేశారు. కేదారి బుగ్గలు పూరించి ఊదుతుంటాడు, వినపడేది ఎవరిదో డ్యూయెట్టు. ఒక్క తాళి కట్టే సమయంలోనే అసలు శబ్దం ఉంచారు. అప్పుడు మోగేది గట్టిమేళం. తుమ్మో, దగ్గో, ఎవరో ఏడుపో చెవిన పడకూడదని, చెడ్డ శబ్దం దేన్నయినా ముంచేసేంత గట్టిగా, అందరూ ఒక్కసారిగా మోగించేది. దొరికిన డిస్కులన్నిట్లోనూ కేదారి మిగిలింది ఆ కాస్తలోనే.

అవే పట్టుకెళ్ళి ఇచ్చారు. పది రోజులాగి ప్రసూన రమ్మంటే వెళ్ళారు. చల్లటి గది, గోడలకి దూది పరుపులు. కేదారికి నలభై అయిదేళ్ళు వచ్చాయి, వినండి అని ప్రసూన మీట నొక్కింది.

గట్టిమేళం మోగింది. బ్రహ్మాండంగా మోగింది. ఎంతసేపటికీ మోగుతూనే ఉంది. ఆగి మళ్ళీ మొదలైంది. అదీ గట్టిమేళమే.

ఆదెయ్య తలపట్టుకున్నాడు. "ఇదేందమ్మా! నలభై అయిదేళ్ళొచ్చినా నా కొడుకు ఇంకా తాళే కట్టిస్తన్నాడా? ఆ పెళ్ళికొడుక్కి ఎన్ని ముళ్ళు వేయిస్తాడు?"

ప్రసూనకి నవ్వాపుకోవడం కష్టమైంది. "మనం వినిపించిందే అది నేర్చుకుంది. తప్పు దానిది కాదండీ. ఇంకేదైనా దొరకాలి. నిదానంగా ఊదింది ఒక్కటైనా."

ఆ ఒక్కటీ నాగులుప్పలపాడులో రాజ్యలక్ష్మి ఇంట్లో దొరికింది.

"మీ అన్న సంగతి నాకు చెప్తావేంటమ్మా," అంది రాజ్యలక్ష్మి, సావేరి చెయ్యి పట్టుకుని. "నా కాపురం నిలబెట్టిందే ఆయన. ముహూర్తం ముంచుకొచ్చింది, తాళి లేదు! మా అత్తగారోళ్ళు ఇంట్లోనే మర్చిపోయి వచ్చారు. మా మరిది బండేసుకుని పరిగెత్తాడు. ఈ సంగతి మా మేనమామలకి తెలిసిందా, పందిట్లో కర్రలు లేస్తాయి. అయ్యగారు పోయి మీ అన్న చెవిలో ఏదో చెప్పారు. అంతే, ఎత్తుకున్నాడు. నేను తల వంచుకుని కూర్చున్నా. ఏం రాగమో నాకు తెలియదు. ఒక్క మనిషి వాచీ చూసుకోలేదమ్మా. మా మరిది వచ్చి తాళి పెట్టిందాకా ఊదుతానే ఉన్నాడు. మా మేనమామలకి ఇప్పటికీ తెలియదు."

ఆ రాగం డిస్కులో లేదు. కానీ వీడియో తీసినవాడు రాజ్యలక్ష్మికి పెదనాన్న కొడుకే. అతికించకముందు తీసిన క్యాసెట్టు అతని అటక మీద, ఎలుకలు కొట్టకుండా ఉంది. అందులో కేదారి కాంభోజి, మొదటినుంచి చివరిదాకా. ఇంటికొచ్చి వేసుకుని వింటే, ఆదెయ్య గోడకి జారబడి కళ్ళు మూసుకున్నాడు. కొడుకు చుట్టూ పెళ్ళివాళ్ళు మాట్లాడుకుంటుంటారు, మొదట. కాసేపటికి మాటలు తగ్గిపోతాయి. తర్వాత చంటిపిల్ల ఏడుపు కూడా ఆగిపోతుంది. అప్పుడొస్తుంది విరుపు.

మంచం మీద కూర్చుని వింటున్న వసంత అక్కడికి వచ్చేసరికి తను కూడా ఊపిరి బిగబట్టింది. సావేరి అది చూసి మొహం తిప్పుకుంది.

ఈసారి ప్రసూనే ఫోను చేసింది. గొంతులో ఉత్సాహం లేదు. "ఒకసారి రండి. ఏదో తేడాగా ఉంది."

మిషను కాంభోజిని పట్టుకుంది. పట్టుకుని ముందుకు వెళ్ళింది. ఎంత చక్కగా అంటే, ఆదెయ్య తొడ మీద తాళం వేస్తూ, "అట్టా రా నాయనా, అట్టా," అనేశాడు. ఇరవై రెండేళ్ళ కేదారి, ఆ తర్వాత ఇరవై మూడు. విరుపు ఎప్పుడూ వచ్చే చోటు కన్నా ముందుగా వచ్చింది. ఇంకోటి. ఇంకోటి, మరీ దగ్గరగా. తర్వాత ఏమీ లేదు.

"పాడైందా?" అంది సావేరి.

"అదే అనుకుని మళ్ళీ మళ్ళీ మొదటినుంచి నడిపించాం. ఎన్నిసార్లు నడిపినా ఇరవై మూడు దాటడం లేదు." ప్రసూన కుర్చీ దగ్గరకి జరుపుకుంది. "కేదారి గారు పోయిన సంగతి దీనికి మేం చెప్పలేదమ్మా. ఏ వయసులో పోయారో తెలియదు దీనికి. ఇంకా ఊదు అని మాత్రమే అడిగాం."

గదిలో చలి పెరిగినట్టయింది సావేరికి.

"గట్టిమేళంలో దీర్ఘంగా ఊదే పని లేదు గదా, అందుకని మొదటిసారి దీనికి ఆ సంగతి తెలియలేదు. కాంభోజి విన్నాక తెలిసింది. ఏం తెలిసిందో మీరే వినండి."

ఆమె ఒక్కొక్క పొరా తీసేసింది. ముందు పందిట్లో జనాన్ని తీసేసింది. తర్వాత డోలుని, తాళాలని, శ్రుతిని. చివరికి సన్నాయి స్వరాన్ని కూడా తీసేసింది. అంతా తీసేస్తే అడుగున మిగిలింది ఒక్కటే. ఊపిరి. కేదారి ఊపిరి.

సావేరి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చనిపోయిన మనిషి ఊపిరి వినడం లాంటిది ఇంకోటి లేదు. బరువుగా, ఎగపీలుస్తూ, మెట్లెక్కి వచ్చినవాడిలా. పై షడ్జానికి ముందు అది తెగింది. విరుపు ఉన్న చోటే తెగింది.

"మిగతా పెళ్ళిళ్ళు కూడా ఇలాగే విప్పి చూశాం. మొదటి పెళ్ళిలో బాగానే ఉంది. రానురాను ఊపిరి తెగడం దగ్గరదగ్గరగా వచ్చేసింది. గట్టిమేళం మోతలో ఎవరికీ వినపడలేదు. మా స్నేహితురాలు గుండె డాక్టరు, ఆమెకి వినిపించాను. గుండె గోడ మందమయ్యే జబ్బు అయ్యుండచ్చు అంది. రక్తం బయటికి పోయే దారి ఇరుకవుతుందట. ఊపిరి బిగబట్టి సన్నాయి ఊదినప్పుడల్లా ఆ దారి ఇంకా మూసుకుపోతుందట. పైకి ఏమీ కనపడదట. ఉన్నట్టుండి..."

"అది విరుపమ్మా," అన్నాడు ఆదెయ్య. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "నా కొడుకు కళ. అది జబ్బంటావేంటమ్మా?"

సావేరి లేచి నిలబడింది. ఆమెకి కేదారి గుర్తురావడం లేదు. పెరడు గుర్తొస్తోంది. ఎర్రగా కందిన మొహం, ఎగిసెగిసి పడే రొమ్ము, నేర్పకుండానే వచ్చింది, రక్తంలో ఉందే...

"మేడమ్," అంది. "ఆ డాక్టరు గారు ఇవాళ ఉంటారా?"

మర్నాడే వసంతని తీసుకొచ్చారు, పరీక్షలు చేశారు. గుండె మీద జిగురు రాసి, టీవీలో గుండెని చూపించారు. వసంత అదేదో బొమ్మల సినిమా అన్నట్టు చూసింది. డాక్టరమ్మ అంతటితో ఊరుకోలేదు, సావేరినీ పడుకోమంది, ఆదెయ్యనీ చొక్కా విప్పమంది.

"ముగ్గురికీ ఉంది," అంది చివరికి. "మీకు చాలా తక్కువ తాతగారూ, సావేరికి ఇంకొంచెం. పాపకే ఎక్కువ. కంగారు పడకండి, చెప్పేది వినండి. మాత్రలున్నాయి. రోజూ వెయ్యాలి, ఎప్పటికప్పుడు చూపించాలి. అవసరమైతే పెద్దయ్యాక గుండె దగ్గర చిన్న యంత్రం పెట్టచ్చు. చక్కగా చదువుకుంటుంది, పెళ్ళి చేసుకుంటుంది, ముసల్దవుతుంది. కానీ సన్నాయి ఊదకూడదు."

ఆదెయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. "నాకూ ఉందా?"

"ఉందండీ."

"మరి నేను బతికానే?"

"మీకు తక్కువగా వచ్చింది. మీ తమ్ముడికీ అబ్బాయికీ ఎక్కువగా వచ్చింది. అంతే."

"నేను మామూలుగా ఊదాను కాబట్టి బతికాననుకున్నాను," అన్నాడాయన. "ఇన్నాళ్ళూ అట్టాగే అనుకుని సిగ్గుపడ్డాను."

 సావేరి కూడా అదే అనుకుని ఇన్నాళ్ళూ వణికింది. బాగా ఊదినందుకు కాదు. దిష్టి కాదు, కళ కాదు. ఒక మందపు గోడ, ఒక ఇరుకు దారి. పేరున్న జబ్బు, మాత్రలున్న జబ్బు. పర్చూరు రోడ్డు వారన కూర్చున్న అన్నకి ఆ మాత్రలు ఎవరూ ఇవ్వలేదు. ఎవరికీ తెలియలేదు.

బస్సులో వసంత కిటికీ పక్కన కూర్చుంది. "అయితే నేనింక ఊదకూడదా?"

"ఊదకూడదు."

"నీకు సంతోషమేగా?"

సావేరికి ఆ మాట ఎక్కడో తగిలింది. సంతోషంగా ఉండాల్సిందే. ఆ పిల్ల సన్నాయి ముట్టుకోకూడదని మొక్కని దేవుడు లేడు. కానీ చీరాల వచ్చేదాకా ఆమె కళ్ళ నీళ్ళు ఆగలేదు. పెరట్లో విన్న ఆ చిన్న కాంభోజిలో విరుపు ఒక్కటేనా ఉంది? ఆ విరుపు దాకా ఎక్కిన మెట్లన్నీ వసంతవే గదా. ఒక్క క్షణం కూడా ఆ మెట్ల దగ్గర నిలబడి వినలేదు తను. గిన్నె జారవిడిచింది.

కొన్నాళ్ళకి ప్రసూన ఇంటికొచ్చింది. మాత్రలు వేసుకుంటోందా, మెట్లెక్కుతుంటే ఎలా ఉందని వసంతని అడిగింది. తర్వాత ఆదెయ్య వైపు తిరిగింది.

"ఒకటి అడగాలి మిమ్మల్ని. మిషనుకి మంచి గుండెనివ్వచ్చు. అసలీ జబ్బే లేని మనిషి ఊపిరి ఇచ్చి చూడచ్చు. అప్పుడు కేదారి గారు నలభై అయిదుకి వస్తారు. కానీ ముందే చెప్తున్నాను, అది మిషను ఊహే. ఇంకోటి కూడా ఉంది. ఆ జముకు కుర్రాడి తల్లి రోజూ ఫోన్ చేస్తుంది, ఇంకొంచెం వినిపించమ్మా అని. మొన్న అడిగితే కొడుకు నిజంగా వాయించింది గుర్తు రావడం లేదంది. అందుకే ఈసారి అడగకుండా చెయ్యదల్చుకోలేదు."

ఆదెయ్య కూతురి వైపు చూశాడు.

"ఒక్కసారి విందాం నాయనా," అంది సావేరి. "ఒక్కసారే. మనింటికి తెచ్చుకోవద్దు."

దూది పరుపుల గదిలోకి ఈసారి వసంత కూడా వచ్చింది. తాత ఒళ్ళో కూర్చుంది.

కేదారి ఎత్తుకున్నాడు. ఆ పందిరి కాంభోజే. కానీ ఎవరి తాళి కోసమో కాలం గడపడం లేదిప్పుడు, చేతిలో బోలెడంత కాలం ఉన్నవాడిలా ఊదుతున్నాడు. కింది స్వరాల దగ్గర తిరిగి తిరిగి, వదల్లేక వదల్లేక పైకి వచ్చాడు. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో తెలియనంత నిండుగా ఉంది. పై షడ్జం దగ్గరకి వస్తున్నాడు. సావేరి కళ్ళు మూసుకుంది. ఇప్పుడింక విరుపు ఉండదు. ఊపిరి ఉంది గదా, నేరుగా వెళ్ళిపోతాడు.

ఆగాడు.

అక్కడే. ఠక్కున. ముగ్గురి గుండెలూ, ఆ పక్కనున్న ప్రసూన గుండె కూడా ఆగాయి. తర్వాత కిందనుంచి మెల్లిగా ఎత్తుకుని స్వరం మీద వాలాడు. వాలి, అక్కడితో ఆపకుండా, ఎవరూ ఎప్పుడూ వినని చోటుకి, ఇంకా పైకి, హాయిగా వెళ్ళిపోయాడు.

"ఊపిరి మిగిలుంది వాడి దగ్గర," అన్నాడు ఆదెయ్య. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "చూశావా సావేరీ, బోలెడంత మిగిలుంది. అయినా ఆగాడు. ఆగాలని ఆగాడు! జబ్బు ఆపింది వాణ్ణి, నిజమే. ఆ ఆగిన చోట ఏం చెయ్యాలో మాత్రం వాడికి జబ్బు నేర్పలా."

పాట అయిపోయింది. ఇంకోసారి అని ఎవరూ అడగలేదు. ఆదెయ్య లేచి మిషనుకి, మేళంలో పెద్దవాళ్ళకి పెట్టినట్టే, వంగి దండం పెట్టాడు.

గుమ్మం దాకా వచ్చాక వసంత గొంతెత్తి పాడింది. సన్నాయి లేదు, ఉత్త నోటితో, బిగబట్టకుండా, మెల్లిగా. కాంభోజి. పై షడ్జం ముందు ఆగి, తల్లి మొహం వైపు దొంగచూపు చూసి, నవ్వి, అందుకుంది.

"ఆయాసం వచ్చిందా?" అంది సావేరి గాభరాగా.

"లేదే! కావాలనే ఆగా!"

"ఇంకోసారి పాడు," అంది సావేరి. ఆ మాట అన్నది తనేనా అని తనకే ఆశ్చర్యం.

ఇప్పుడు పెళ్ళిళ్ళకి ఆదెయ్య మేళంతో సావేరి కూడా వెళ్తోంది, శ్రుతి పెట్టె పట్టుకుని. గట్టిమేళం మోగగానే అందరూ అక్షింతలతో పెళ్ళికూతురి వైపు తిరుగుతారు. సావేరి మేళగాళ్ళ వైపు తిరుగుతుంది. మోత ఆగాక ఎవరైనా రొప్పుతుంటే దగ్గరకెళ్ళి అడుగుతుంది, ఎప్పటినుంచి ఇలా, ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా, చూపించుకున్నావా అని. కొంతమంది నవ్వుతారు. డోలు కామేశ్వరరావు, "నీకంటే మా ఆవిడే నయమమ్మా, ఊపిరి పీల్చుకోనిస్తది," అన్నాడు. అన్నా, తర్వాతి వారం వెళ్ళి చూపించుకుని వచ్చాడు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒకరుంటారు. పాడే పిల్లో, పరిగెత్తే పిల్లాడో, పదిమంది నోట పేరు పడ్డవాళ్ళు. అందరూ మెచ్చుకుంటున్నారు, మీరూ మెచ్చుకోండి, మెచ్చుకోవాల్సిందే. కానీ చప్పట్లు ఆగాక వెనక్కి వెళ్ళిపోకండి. దగ్గరకెళ్ళి పక్కన కూర్చోండి. వాళ్ళ ఊపిరి ఎలా ఉందో ఒక్కసారి చూడండి.